తొంభై ఆరు కుండీలు, ఎనిమిది ఖాళీలు

"నిన్ను కొట్టిందెవరు?" అని అడిగాను.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. లాకప్ గోడకి జేరబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు బిగించుకుని కూర్చుంది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు. టైము పదకొండూ నలభై. సాయంత్రం నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి, హత్య కేసులో జైలుకి పంపించేస్తామని ఇన్‌స్పెక్టర్ టీ చప్పరిస్తూ నాతో చెప్పి అయిదు నిమిషాలు కూడా కాలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ చేతిలో ఉన్నది నాలుగు గంటల ఇరవై నిమిషాలు. తిట్టుకుంటూ కూర్చుంటే అవి కూడా పోతాయి.

"కొడితే కొట్టారులెండి. మా అత్తయ్య వచ్చిందా?" అంది.

"గేటు దగ్గరే ఉంది. నీ బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చుంది. నన్ను ఈ కేసులోకి లాక్కొచ్చిందే ఆవిడ. 'తాళం వేసిన తలుపుని మూడుసార్లు లాగి చూస్తే గానీ కదలని మనిషి మా కోడలు, అది చంపడమేమిటమ్మా' అని నిన్న నా డిటెక్టివ్ ఆఫీసులో బల్ల గుద్ది మరీ అడిగింది. ఆవిడ మొహం చూసి ఒప్పుకున్నాను. అంచేత ఏడవకుండా మొదట్నుంచీ చెప్పు. నాకు అర్థమయ్యేలా చెప్పు. మా ఇంట్లో ఒక్క మొక్కని కూడా బతికించుకోలేకపోయినదాన్ని నేను."

కళ్ళు తుడుచుకుంది. పూల మొక్కల్లో కొత్త రకాలు పుట్టించే తోటలో ల్యాబ్ టెక్నీషియన్ ఆమె. ఆ తోట యజమానిని అందరూ పెద్దాయన అనే పిలిచేవాళ్ళు. చనిపోయింది ఆయనే.

"కార్నేషన్ పూల మొక్కకి ఎండు తెగులు వస్తుందండీ. మట్టిలోంచి బూజు వేళ్ళలోకి పాకి, లోపల్నుంచి ఎండబెట్టేస్తుంది. మందు లేదు. తట్టుకునే మొక్కని పుట్టించుకోవాలి, అంతే. మామూలుగా అయితే ప్రతి మొక్కకీ ఆ బూజు కలిపిన నీళ్ళు పోసి, మూడు వారాలు ఆగి, ఏది చచ్చింది ఏది బతికింది అని చూడాలి. మార్కర్‌తో అయితే అంత అవస్థ లేదు. తెగులుని తట్టుకునే జన్యువు పక్కనే ఉండే గుర్తండీ అది. ఆకు ముక్కలో ఆ గుర్తు కనిపిస్తే మొక్క తట్టుకుంటుందన్నమాట. ఒక్క పూటలో తేలిపోతుంది."

"ఎలా కనిపిస్తుంది?"

"అరచెయ్యంత ప్లాస్టిక్ ప్లేటు ఉంటుంది. ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గుంటలు. మొత్తం తొంభై ఆరు. పాలీహౌస్‌లో, అదేనండీ ప్లాస్టిక్ కప్పిన షెడ్డులో, కుండీలు కూడా అచ్చంగా అలాగే పేర్చి పెట్టాం. ఏ కుండీ ఆకు ఆ గుంటలో వేస్తాం. మెషిన్లో పెడితే గుర్తున్న గుంటలు పచ్చగా వెలుగుతాయి, మెషిన్ ఫోటో తీసిస్తుంది. ఆ రోజు ఎనిమిది వెలిగాయండీ! పదకొండేళ్ళలో మొదటిసారి. పెద్దాయన ఆ ఫోటోని బోర్డుకి గుచ్చి, దాని ముందు నుంచి కదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది."

"తర్వాత?"

"నేను ఫోటో చూసి నంబర్లు నా పుస్తకంలో రాసుకున్నా. అయిదుంపావుకి ఇంటికి బయల్దేరా."

ఆరూ ఇరవైకి తోటమాలి వెళ్ళి చూసేసరికి పెద్దాయన పాలీహౌస్ గుమ్మంలో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. ఎనిమిది కుండీలు లేవు, బోర్డు మీద ఫోటో లేదు. పెద్దాయన కళ్ళు తెరవకుండానే తొమ్మిదో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇదంతా జరిగి నేటికి ఇరవై రెండు రోజులు. నిన్న ఈ పిల్ల ఇంట్లో ఆ పుస్తకం దొరికిందని పట్టుకొచ్చి లోపలేశారు.

"పుస్తకం ఇంట్లో ఎందుకుంది?"

"రోజూ ఇంటికి తీసుకుపొమ్మనేవారండీ పెద్దాయన. ల్యాబ్‌లో ఉంటే ఎవరో ఒకరు చూస్తారని ఆయన భయం."

"ఎవరో ఒకరంటే?"

"చెప్పేవారు కాదు. ఆ విషయం ఎత్తితే మొహం మాడ్చుకునేవారు."

"దొంగతనం తర్వాత ఆ పాలీహౌస్‌లోకి వెళ్ళావా?"

"ఆ సాయంత్రమే సీలు వేశారుగా. తోటమాలిని నీళ్ళు పొయ్యడానికి వదుల్తున్నారు, అదీ కానిస్టేబుల్ కాపలాతో. నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు."

"ఆ ఎనిమిది నంబర్లు గుర్తున్నాయా?"

తడుముకోలేదు. "అయిదు, పధ్నాలుగు, ఇరవై మూడు, ముప్ఫై ఎనిమిది, నలభై ఒకటి, అరవై ఆరు, డెబ్బై ఒకటి, ఎనభై ఎనిమిది." నా దగ్గర కాగితం లేదు. అరచేతిలో రాసుకున్నాను.

బయటికొచ్చేసరికి పన్నెండూ పది. గేటు పక్క సిమెంటు బెంచీ మీద అత్తగారు బట్టల సంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆవిడకి ఎండ తగలకుండా ఒకాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన అల్లుడు. నలభై ఏళ్ళుంటాయి, కాలేజీలో పాఠాలు చెబుతాడు, గొంతు పైకి లేవదు.

"మామగారిని పోగొట్టుకున్నవాణ్ణి నేను," అన్నాడు. "అయినా చెబుతున్నా మేడమ్, ఆ అమ్మాయి అలాంటి పని చెయ్యదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఆమెని బయటికి తీసుకురండి."

"చూశావామ్మా! ఇన్నాళ్ళూ మా గడప తొక్కినవాడు లేడు. ఇవాళ దేవుడిలా వచ్చాడు," అంది అత్తగారు.

"ఏమైనా చెప్పిందాండీ లోపల?" అని అడిగాడాయన.

"చెప్పాల్సింది చెప్పింది. మీరు ఇక్కడే ఉండండి. పూచీకత్తుకి మనిషి కావాల్సి రావచ్చు," అన్నాను. ఈ పాడులోకంలో ఒక్కడైనా మనిషిలా మాట్లాడినందుకు సంతోషించాను కూడా.

లోపలికి వెళ్ళడానికి ఇన్‌స్పెక్టర్ చేత కాగితం రాయించుకుని తోట చేరేసరికి ఒకటిన్నర. పాలీహౌస్ గుమ్మంలో అడుగు పెట్టకముందే సెంటు వాసన కొట్టింది. అంటే సెంటుబాబు నాకంటే ముందే తగలడ్డాడన్నమాట. ఆ పేరు నేను పెట్టిందే. నా దగ్గర ఆరేళ్ళు డిటెక్టివ్ పని నేర్చుకున్నాడు. ఏడో ఏడు నా క్లయింట్లని మెల్లగా దువ్వి, మా వీధి చివరే బోర్డు కట్టాడు. ఈ కార్నేషన్‌ని కొనుక్కోవాలని చూస్తున్న పూల కంపెనీ తరఫున ఇప్పుడు దిగాడు. పుస్తకం కనిపెట్టి పోలీసులకిచ్చిన ఘనుడు వీడే.

"పాపం, ఇంత ఎండలో వచ్చారా మేడమ్? కేసు అయిపోయిందిగా," అన్నాడు, కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ.

"అయిపోయింది కేసా, నీ బుర్రా?"

"కోప్పడకండి. ఏ కుండీలో ఏముందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకాయన పోయాడు. రెండో మనిషి ఇంట్లో లిస్టు దొరికింది. లిస్టులో ఎనిమిది, ఇక్కడ ఖాళీలు ఎనిమిది. గేటు రిజిస్టర్లో బయటివాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఇంకేం కావాలి మీకు?"

వాడితో మాట్లాడడం దండగ. లోపలికి నడిచాను. నడుమెత్తు బల్ల, దాని మీద ఎనిమిది వరసల్లో కుండీలు. ప్రతి కుండీ ముందు బల్లకి కొట్టిన రేకు బిళ్ళ మీద నంబరు. కుండీ లేనిచోట ఇసకలో గుండ్రటి అచ్చు మిగిలింది. తోటమాలి నీళ్ళ డబ్బా చేత్తో పట్టుకుని నన్నే చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి.

మొదటి వరసలో అయిదో బిళ్ళ దగ్గర ఆగాను. అక్కడ కుండీ ఉంది! మొక్క పచ్చగా, నిటారుగా, మొగ్గ కూడా తొడిగి ఉంది. అదే వరసలో తొమ్మిదో నంబరు దగ్గర ఖాళీ. అరచెయ్యి చూసుకున్నాను. పధ్నాలుగు ఉంది. ఇరవై మూడు ఉంది. ఇరవై ఆరు లేదు. ముప్ఫై ఒకటి లేదు. ముప్ఫై ఎనిమిది ఉంది. చివరి వరస దాకా ఒక్కొక్క బిళ్ళే చదువుకుంటూ వెళ్ళాను. పోయినవి తొమ్మిది, ఇరవై ఆరు, ముప్ఫై ఒకటి, యాభై ఆరు, యాభై తొమ్మిది, డెబ్బై నాలుగు, ఎనభై మూడు, తొంభై రెండు. నా అరచేతిలో ఉన్నవి ఎనిమిదీ బల్ల మీదే ఉన్నాయి.

"ఒరేయ్, ఇలా రా," అన్నాను.

ఆరేళ్ళ అలవాటు కాబోలు, పరిగెత్తుకొచ్చాడు.

"పోయిన కుండీల నంబర్లు మీరు రాసుకున్నారా?"

"పంచనామాలో ఉన్నాయి."

"వాటిని ఆ పిల్ల పుస్తకంలో నంబర్లతో పెట్టి చూశావా?"

కర్చీఫ్ మడత పెట్టడం మొదలెట్టాడు.

"నోట్లో ఏం పెట్టుకున్నావు? చూశావా, లేదా?"

"ఎనిమిదికి ఎనిమిది సరిపోయాయి కదా అని..."

"ఎనిమిదికి ఎనిమిదా! ఒక ఆడపిల్లని లాకప్‌లో కూర్చోబెట్టి చెంపలు వాయించారు, వాళ్ళ అత్తగారు రోడ్డు మీద ఎండుతోంది, నువ్వేమో ఎనిమిదికి ఎనిమిది సరిపోయాయంటావా? నేను నేర్పింది ఇదేనట్రా? లెక్కపెట్టావు సరే, చదవడానికి నీకేం రోగం?"

మొహం కందగడ్డలా అయింది వాడికి. అయినా తగ్గలేదు. సంచిలోంచి ఫైలు తీసి, మెషిన్ కంప్యూటర్లోంచి తీయించిన ఫోటో కాపీ బల్ల మీద పరిచాడు. నల్లటి కాగితం మీద తొంభై ఆరు చుక్కలు. ఎనిమిది మాత్రం పచ్చగా వెలుగుతున్నాయి. వేలు పెట్టి వరసగా లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. నాలుగో చుక్క దగ్గరికొచ్చేసరికి వాడి గొంతులోకి మళ్ళీ ఆ పొగరు వచ్చేసింది.

"తొమ్మిది, ఇరవై ఆరు, ముప్ఫై ఒకటి, యాభై ఆరు... చూడండి మేడమ్! ఫోటోలో వెలిగినవే పోయాయి. మీ పిల్ల పుస్తకంలో దొంగ నంబర్లు రాసుకుంది, రేపు మనల్ని ఏమార్చడానికి. పప్పులో కాలేసింది మీరు, నేను కాదు."

ఆ పచ్చ చుక్కల్ని నేనూ వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాను. వెనక నుంచి తోటమాలి నవ్వాడు. ఆ నవ్వు ఆ సమయంలో విని వాణ్ణి కూడా నాలుగు తిట్టేదాన్నే.

"తిరగేసి పట్టుకోండి బాబూ," అన్నాడు. "మా ఫోటో అలా చూడకూడదు."

"తిరగెయ్యడమేమిటి?"

"పెద్దాయనది ఎడమచేతివాటం. ఆ ప్లేటుకి ఒక మూల కోసి ఉంటుంది. అందరూ ఆ మూలని ఎడమ పక్క పైన పెట్టుకుని, అక్కణ్ణుంచి ఆకులు వెయ్యడం మొదలెడతారట. ఈయనకి చెయ్యి అడ్డమొస్తుందని ప్లేటునే తిప్పి పెట్టుకునేవారు. మెషిన్లో మాత్రం అది ఒక్కవైపే కూర్చుంటుంది. దాంతో మొదటి మొక్క ఫోటోలో ఆఖర్న పడేది. మెషిన్ కొన్న దగ్గర్నుంచీ ఇంతే. అమ్మాయి కూడా ఫోటోని తలకిందులు చేసే చూసేది. 'ఏంటమ్మా, ఫోటోకి శీర్షాసనమా' అని నేను ఏడిపించేవాణ్ణి."

సెంటుబాబు చేతిలోంచి కాగితం లాక్కుని తలకిందులు చేశాను. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. అయిదు. పధ్నాలుగు. ఇరవై మూడు. నా అరచేతిలో ఉన్నట్టే ఎనభై ఎనిమిది దాకా ఒక్కటి తేడా రాలేదు. ఆ పిల్లకి అది ఎంత మామూలు సంగతంటే, నాతో చెప్పాలని కూడా తోచలేదు. ఫోటో చూసి రాసుకున్నాను అంది, అంతే.

"ఇప్పుడు నువ్వు చేసిన పనే దొంగా చేశాడు," అన్నాను. "బోర్డు మీద ఫోటో చూశాడు. నిటారుగా పెట్టుకుని చదివాడు. పనికిరాని ఎనిమిదీ ఎత్తుకుపోయాడు. ఈ ల్యాబ్‌లో పని చేసినవాళ్ళెవరూ అలా చదవరు."

"కావాలనే వేరేవి తీసి ఉండొచ్చుగా, మనల్ని తప్పుదారి పట్టించడానికి?"

"అసలువి ఇక్కడే వదిలేసి? ఒక మనిషి తల పగలగొట్టి, చేజేతులా చెత్త ఎత్తుకుపోయే దొంగ ఎక్కడున్నాడ్రా? నా చెవిలో పూలు పెట్టకు. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కొట్టు. నీ నోటితోనే చెప్పు."

కదల్లేదు. వాడి కంపెనీ, వాడి పరువు, వాడి సెంటు అన్నీ అడ్డమొచ్చాయి. "నేను చెబితే నువ్వు పంచనామా చదవలేదని కూడా చెబుతాను, అదీ పత్రికల వాళ్ళని కూర్చోబెట్టి," అన్నాక ఫోన్ తీశాడు. రెండూ ఇరవై అయింది అప్పటికి.

"సార్, ఒక చిన్న పొరపాటు..." అని మొదలెట్టాడు. చిన్న పొరపాటట! వినలేక ఫోన్ లాక్కున్నాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, పోయిన కుండీల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల పుస్తకంలో లేదు. మీ పంచనామా మీరే ఒకసారి చదువుకోండి. దొంగ పట్టుకుపోయింది చెత్త! అసలు మొక్కలు ఏవో ఆ పిల్లకి తెలుసు. తెలిసిన మనిషి తెలిసి తెలిసి చెత్త ఎందుకు దొంగిలిస్తుందండీ? ఆమె మీద మీ దగ్గరున్న ఆధారం ఆ ఒక్క పుస్తకమే కదా, ఇప్పుడదే ఆమెని కాపాడుతోంది. నాలుగింటికి కోర్టులో ఈ మాట నాతో చెప్పిస్తారా, ఇప్పుడే వదుల్తారా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. చాలాసేపు. తర్వాత పళ్ళ మధ్య నుంచి మాట వచ్చింది.

"పూచీకత్తు మీద పంపిస్తాను. రేపు మళ్ళీ రావాలి. సంతకానికి మనిషి కావాలి."

"ఉన్నాడుగా అక్కడ."

"ఉన్నారు. నా ఎదురుగానే కూర్చున్నారు. మీ అరుపులన్నీ స్పీకర్లో ఆయన కూడా వింటున్నారు," అని పెట్టేశాడు.

అబ్బ, ఆ నిమిషంలో నాకు ఎంత హాయిగా ఉందో! సెంటుబాబు బల్ల అంచు మీద కూలబడ్డాడు. తోటమాలి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను కుండీల మధ్య అరగంట సేపు అటూ ఇటూ తిరిగాను. కోపం ఇంకా పోలేదు, అది వెళ్ళి పడడానికి ఇంకొకడు కావాలి. ఆ పిల్ల కాదని తేలింది సరే. మరి ఎవడు?

"ఒక సంగతి చెప్పు," అని తోటమాలిని అడిగాను. "ఈ మొక్కలు దొంగిలించినవాడు వాటిని ఏం చేస్తాడు?"

"ముందు పరీక్ష చేసుకోవద్దుటమ్మగారూ? బూజు నీళ్ళు పోసి చూస్తాడు. నిజంగా తట్టుకుంటాయని చూపించకుండా ఎవడు కొంటాడు?"

"తట్టుకోని మొక్కలైతే?"

"మూడు వారాల్లో మాడి చస్తాయి."

ఇరవై రెండు రోజులు. అంటే చచ్చి ఒకటి రెండు రోజులై ఉంటుంది. తను ఎత్తుకొచ్చింది పనికిరాని సరుకని దొంగకి నిన్నో మొన్నో తెలిసిపోయింది.

"ఆ బూజు ఎక్కడ దొరుకుతుంది?"

"అది బజార్లో దొరికేది కాదమ్మగారూ. మా ఫ్రిజ్‌లో ఉంది, దానికీ సీలు వేశారు. ఇంకొక్కచోటే ఉంది, కాలేజీ ల్యాబ్‌లో. పెద్దాయన అక్కణ్ణుంచే తెప్పించేవారు."

కాలేజీ అన్న మాట విన్నాక గానీ నాకు ఇంకో ప్రశ్న తట్టలేదు.

"గేటు రిజిస్టర్లో ఇంటివాళ్ళ పేర్లు రాస్తారా?"

"ఇంటివాళ్ళని ఎవరు రాస్తారమ్మగారూ? అల్లుడుగారు వారానికి రెండుసార్లు వచ్చేవారు. ల్యాబ్‌లోకి మాత్రం పెద్దాయన రానిచ్చేవారు కాదు."

ల్యాబ్ గోడ మీద ఫోన్ నంబర్ల కాగితం అంటించి ఉంది. కాలేజీ నంబరు కొట్టాను. అటెండర్ ఎత్తాడు. తోట నుంచి మాట్లాడుతున్నాను, మా కార్నేషన్లు ఎలా ఉన్నాయన్నాను. వాడు ఏమాత్రం అనుమానపడలేదు.

"ఇంకెక్కడి మొక్కలండీ! ఎనిమిదీ మాడిపోయాయి. మొన్న సాయంత్రం సారు కోపం పట్టలేక కుండీలు తన్నేశారు. పెంకులు నేనే ఊడ్చా."

"ఏ సారు?"

"మా బోటనీ సారండీ. మీ పెద్దాయన గారి అల్లుడు."

బోటనీ! కాలేజీలో పాఠాలు చెబుతాడని విన్నాను. ఏం పాఠాలని నేను అడగనే లేదు. సెంటుబాబుని ఇందాక తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండు రోజులు ఆ పిల్ల వైపు కన్నెత్తి చూడనివాడు, కుండీలు తన్నేసిన మర్నాడే ఆమె అరెస్టయితే, ఇవాళ గొడుగు పట్టుకుని వచ్చాడు. వాడికి కావలసినవి ఏ కుండీల్లో ఉన్నాయో తెలిసింది ఆమెకే. ఆ మాట ఇందాకే స్పీకర్లో గొంతు చించుకుని వాడికి వినిపించింది నేను.

స్టేషన్‌కి ఫోన్ చేశాను. మూడూ పదిహేను. లాకప్ దగ్గరి కానిస్టేబుల్ తీసింది.

"రెండున్నరకే పంపేశామండీ. ఆ లెక్చరర్ గారు సంతకం పెట్టి తీసుకెళ్ళారు."

నేను ఏం అడగబోయానో నా మొహం చూసే సెంటుబాబు గ్రహించాడు. కారు తాళాలు తీసుకుని గేటు వైపు పరిగెత్తాడు. అంతలో నా చేతిలో ఫోన్ మోగింది. అత్తగారు. గొంతులో మొదటిసారి నవ్వు.

"అమ్మా, నువ్వు చల్లగా ఉండాలి! మా కోడలు అక్కడికి వచ్చేసిందా?"

"ఎక్కడికమ్మా?"

"అదేమిటి, తోటకి! అసలు మొక్కలు చూపించడానికి దాన్ని వెంటనే రమ్మని నువ్వు కబురు పెట్టావటగా? అల్లుడుగారు చెప్పారు, కార్లో ఎక్కించుకున్నారు. నన్ను బస్సులో ఇంటికెళ్ళి వంట చూడమన్నారు. అది ఎక్కనే ఎక్కనందమ్మా, నీతోనే ఇంటికొస్తానత్తయ్యా అని నా చెయ్యి పట్టుకుంది. నేనే కసిరాను. నిన్ను బయటికి తెచ్చిన మహాతల్లి పిలిస్తే వెళ్ళకుండా ఉంటావా, నోరుమూసుకుని ఎక్కు అన్నా."

"ఎంతసేపైంది?"

"ముప్పావుగంట అయిందేమో. ఏం, ఇంకా రాలేదా?"

స్టేషన్ నుంచి తోటకి కార్లో పది నిమిషాలు. గేటు బయట సెంటుబాబు రోడ్డుకి అటు చివర, ఇటు చివర చూసి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"చెప్పమ్మా, వచ్చిందా?" అని ఆవిడ మళ్ళీ అడిగింది.

నేను ఎవరినీ పిలవలేదని ఆవిడకి చెప్పాలి.